నలభై కాగుల మాట

ఒకటో రోజు

గుల్లలపాలెం చేరేసరికి మూడు పడవలు మారాల్సి వచ్చింది. పటంలో ఈ ఊరికి చుక్క పెట్టరు. పెట్టినా లాభం లేదు, కార్తె మారితే ఊరే జరుగుతుంది. రెండు వందల పన్నెండు ఇళ్లు, తెప్పల మీద, ఒకదానికొకటి గొలుసులతో కట్టుకుని నీళ్ల మీద ఉంటాయి. కింద ఒకప్పుడు వరిచేలట. నీరు తేటగా ఉన్నచోట పాత కరెంటు స్తంభాల తలలు చూపించాడు పడవ నడిపే ఆయన.

నన్ను దింపుకోవడానికి వచ్చినావిడ పేరు నూకరత్నం. యాభై ఎనిమిదేళ్లుంటాయి. చీర కుచ్చెళ్లు పైకి దోపి, తెప్ప అంచున నిలబడి నా పెట్టె అందుకుంది. ఊరి కాగు ఆవిడ చేతిలోనే ఉంటుంది. మందులు కాచే యంత్రాన్ని మా వైపు యంత్రమనే అంటాం. ఇక్కడ కాగు అంటారు, చూడ్డానికి నీళ్లు కాచుకునే కాగులాగే ఉంటుంది కాబట్టి. నెత్తురు చూసి జబ్బు చెబుతుంది. భూగోళ ఆరోగ్య మండలి నుంచి పాకం, అంటే మందు కాచే పద్ధతి, వస్తే ఏ మందైనా కాస్తుంది. పాకం రాకపోతే ఉత్త కుండ.

"డాక్టరమ్మగారంటే మీరేనాండి? మా ఆయనకి భుజం పట్టేసిందండి, ఓసారి చూద్దురుగాని."

"నేను ఆ డాక్టర్ని కాదండీ. మందులు ఎవరికి ముందు అందుతాయి, ఎవరికి అందవు అన్నదాని మీద పరిశోధన చేశాను. దానికి ఇచ్చిన డాక్టరు పట్టా."

ఆవిడ నా వైపు తేరిపార చూసింది. "అయితే మాకెందుకు అందవో మీకు తెలుసన్నమాట."

"కొంత తెలుసు."

"భుజం సంగతి నేను చూసుకుంటాన్లెండి. ఆ ముక్క చెప్దురుగాని, పదండి. అన్నం చల్లారిపోతంది."

నాలుగో రోజు

పొద్దున లేవగానే ఇక్కడ అందరికీ ఒకే పని. ఇంటి కప్పు మీది సూర్యఫలకాల మీద పేరుకున్న ఉప్పు తుడవాలి. తుడవకపోతే మధ్యాహ్నానికి కాగు చల్లబడుతుంది, మంచినీళ్ల మర ఆగిపోతుంది. నాకు ఆరు ఫలకాలు అప్పగించారు. నేను తుడిచినవాటి మీద తెల్లటి చారలు మిగిలిపోయాయని ఊరి పెద్ద ఏసుపాదం వచ్చి చూపించాడు. డెబ్బై ఏళ్ల మనిషి. ఊరి గొలుసులన్నీ రోజుకోసారి చేత్తో తడిమి చూస్తాడు.

"చదువుకున్న చెయ్యి కదండి, చారలు పెట్టకుండా ఉండలేదు," అన్నాడు. పక్కింటివాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం నూకరత్నం ఇంటి అరుగు మీద నా పని మొదలుపెట్టాను. నేను పన్నెండేళ్లుగా చదువుతున్నది ఒక వరుసని. కొత్త జబ్బు పుట్టినప్పుడు పాకం ఏ ఊరికి ముందు వెళ్లాలి, ఏ ఊరికి వెనక వెళ్లాలి అని మండలి దగ్గర ఒక పెద్ద వరుస ఉంటుంది. అది ఎవరు రాస్తారు, రాసేటప్పుడు ఎవరి ఓడరేవులు, ఎవరి ప్రయోగశాలలు గుర్తొస్తాయి, ఎవరు గుర్తురారు అన్నదే నా పరిశోధన. ఇంతకాలం కాగితాల్లో చూశాను. వరుస చివర ఉన్నవాళ్ల దగ్గర మూడు నెలలు ఉండి రావాలని ఇటు వచ్చాను.

"మా నెంబరెంతండి?" అని నూకరత్నం అడిగింది.

"నాలుగు వేల నూట పద్దెనిమిది."

"మొత్తం ఎన్నండి?"

"నాలుగు వేల నూట ఇరవై మూడు."

"మా ఎనకాల ఐదూళ్లున్నాయా?" అని ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "పాపం, ఎవరండి ఆళ్లు?"

పదకొండో రోజు

వల లాగుతుండగా నలుగురికి ఒకేసారి మోకాళ్లు వాచాయి. ఒళ్లు కాలిపోతోంది. నడిస్తే పక్కకు నడుస్తున్నారు, నిటారుగా అడుగు వేయలేక. సాయంత్రానికల్లా ఊళ్లో దానికి పేరు పెట్టేశారు, పీత జ్వరమని. జబ్బు పడ్డవాళ్లే ముందు నవ్వారు.

నూకరత్నం నవ్వలేదు. నెత్తురు చుక్క తీసి కాగులో వేసింది. కాగు చాలాసేపు తిప్పి తిప్పి చూసి, ఇది ఇంతకుముందు ఎరగని క్రిమి అని తేల్చింది.

పద్నాలుగో రోజు

ముప్పై ఒక్కమంది. ఏసుపాదం కూడా పడ్డాడు. పక్కకు నడుస్తూనే గొలుసులు తడిమి వస్తున్నాడు.

మండలి నుంచి తెర మీద మాట్లాడారు. ఈ తీరానికి బాధ్యురాలైన అధికారి పేరు లూసియానా. ముప్పై ఏళ్లు దాటి ఉండవు, మొహం చూస్తే మంచిదనిపిస్తుంది. ఆవిడ మాటను తెలుగులోకి మార్చే యంత్రం మాత్రం ఏ కాలం నాటి పుస్తకాలు చదివి తెలుగు నేర్చుకుందో తెలియదు.

"నమస్కారము. తమ గ్రామమునందు నూతన వ్యాధి ప్రబలినదని విని మిక్కిలి చింతిల్లితిమి. రోగి రుధిరపు నమూనాను అవిలంబముగా పంపవలసినదని ప్రార్థన."

ఏసుపాదం నా చెవి దగ్గరకు వంగాడు. "ఈవిడ హరికథలు చెప్పే ఇంట్లో పుట్టిందాండి?"

నూకరత్నం తెరకు దగ్గరగా జరిగింది. "అమ్మా, నమూనా పంపితే పాకం ఎప్పుడొస్తదండి?"

"వరుసానుసారముగా ప్రాప్తించును."

అందరూ నా వైపు చూశారు. "తొమ్మిది నెలలు," అన్నాను. "అన్నీ కలిసొస్తే ఎనిమిది."

లూసియానా తల దించుకుంది. దానికి యంత్రం ఏ మాటా చెప్పలేదు.

పదిహేడో రోజు

ఇవాళ ఊరంతా పెద్ద తెప్ప మీద కూర్చుంది. కాగు నిన్న ఇంకో సంగతి చెప్పింది. జ్వరం రెండో వారంలోకి వెళ్తే ఇరవై మందిలో ఒకరికి గుండెలో దిగుతుంది. నూకరత్నం ఆ మాట అందరికీ చెప్పింది.

ఏసుపాదం మొదలుపెట్టాడు. "నమూనా ఇయ్యొద్దు. వాంతుల ఏడాది ఇచ్చాం. పద్నాలుగు నెలలకి పాకం వచ్చింది. అప్పటికి జబ్బూ పోయింది, పదకొండు మందిమీ పోయాం. మా ఆవిడ అందులోనే పోయింది. ఈసారి పాకం చేతిలో పెట్టాకే నెత్తురు."

"ఇయ్యకపోతే ఈ నీళ్లతోపాటు జబ్బూ ఉత్తరానికెళ్తది," అంది నూకరత్నం. "అక్కడున్నోళ్లు ఏం చేశారు బావా మనకి?"

ఏసుపాదం నా వైపు తిరిగాడు. "మీ చదువేమంటదండి?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గత యాభై ఏళ్లలో నమూనా బిగపట్టిన ఊళ్లు ముప్పై ఒకటి. ఇరవై తొమ్మిదింటికి ఏమీ రాలేదు. మండలికి అదే క్రిమి ఇంకో చోట దొరికింది. ఇచ్చిన ఊళ్లు వరుసలో నిలబడ్డాయి. మూడో దారి నాకు కనపడలేదు.

"మనం వలకెళ్లేప్పుడు వాటా ఎప్పుడు మాట్లాడుకుంటాం?" అని నూకరత్నం అందరినీ అడిగింది. "వల నీళ్లలో పడకముందే కదా. చేప పడ్డాక మాట్లాడితే తన్నులాటే. ఈళ్లు చేప పడ్డాక వాటా చెప్తన్నారు. ముందే మాట్లాడుకోడానికి దారి లేదాండి?"

"ఒక్క ఊరితో మండలి బేరం ఆడదండీ," అన్నాను.

"ఒక్క ఊరితో ఆడదు. ఎన్ని ఊళ్లయితే ఆడతది?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. నా సిద్ధాంత వ్యాసంలో రెండు వందల పదకొండో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో, రెండే రెండు వాక్యాలు. మండలి నడిచే ఒప్పందం రాసిన ఏడాది పేద దేశాల ప్రతినిధులు అలిగి లేచిపోతుంటే వాళ్లను కూర్చోబెట్టడానికి ఒక నిబంధన కలిపారు. నలభై కాగులు ఏడు రోజుల్లోగా ఒకే మాట మీద వేలిముద్ర వేస్తే, నమూనా ఆ నలభైకీ మండలికీ ఒకేసారి వెళ్తుంది, పాకం అందరికీ ఒకే రోజు రావాలి, వరుస వర్తించదు. ఇంతవరకూ ఎవరూ వాడుకోలేదు. చివర ఉన్న ఊళ్లు నలభై ఒక వారంలో కూడలేవని రాసినవాళ్లకు తెలుసు. ఆచరణలో ప్రాధాన్యం లేదని నేనూ రాశాను.

అది చెప్పగానే నూకరత్నం లేచి కొంగు దోపుకుంది. "నలభయ్యే కదా."

పద్దెనిమిదో రోజు

నలభై కాగులూ వేలిముద్ర వేయాల్సిన ఆ మాట నేను రాయాలి. మండలి భాష ఇక్కడ ఇంకెవరికీ రాదు. రాసినవాళ్ల పేరు కింద ఉండాలన్నది నియమం. నా అనుమతి పత్రంలో ఇంకో నియమం ఉంది, పరిశోధకులు ఏ పక్షంలోనూ చేరకూడదని.

ఏసుపాదానికి ఎలాగో తెలిసింది. "నా పేరు పెట్టెయ్యండి. నేనే రాశానంటే ఎవడడుగుతాడు?" అన్నాడు.

"అక్షరాలు మీవి కావని చూడగానే తెలుస్తుందండీ."

"మరి మీ సదువు పోద్దేమో."

చదువు పోదు, ఉద్యోగం పోతుంది. మధ్యాహ్నం దాకా కాగితం ముందు కూర్చున్నాను. పన్నెండేళ్లు ఆ వరుసలోని ఊళ్లను నంబర్లుగా చూశాను. వాటిలో ఒక నంబరు ఇప్పుడు అరుగు మీద కూర్చుని నాకోసం ఎండుచేప వేయిస్తోంది. దూదేకుల కాశింబీ అని నా పేరు పూర్తిగా రాశాను. రాశాక ఆకలేసింది.

పంతొమ్మిదో రోజు

పంతొమ్మిది వేలిముద్రలు. ఒక్క రోజులో.

ఇది ఎలా జరిగిందో చూసి ఉండకపోతే నమ్మేదాన్ని కాదు. నూకరత్నం రేడియో ముందు కూర్చుని, పిల్లల్ని ఇచ్చిన ఊళ్లు, కోడళ్లను తెచ్చుకున్న ఊళ్లు, తమ్ముడి తోడల్లుళ్ల ఊళ్లు, వరసగా పిలిచింది. కాగు చూసేవాళ్లు ఎక్కడైనా ఆడవాళ్లే. "ఏం వదినా, వంటయిందా?" అంటుంది. పది నిమిషాలు కోడలి నెలలు, మనవడి పళ్లు. చివర, "ఓ ఏలిముద్ర ఎయ్యాలే," అంటుంది. మండలిలో రాయబారులు ఏళ్ల తరబడి సాధించలేని ఏకాభిప్రాయం ఇక్కడ చారు మరిగేలోపు కుదురుతోంది. ఈ వాక్యం నా పుస్తకంలో పెట్టుకోవాలి, పుస్తకమంటూ రాస్తే.

ఇరవై ఒకటో రోజు

ముప్పై మూడు దగ్గర ఆగింది. నాకూ జ్వరం వచ్చింది. మోకాళ్లు కొబ్బరికాయల్లా ఉన్నాయి. కాగు దాకా పక్కకు నడిచి వెళ్తుంటే ఆడవాళ్లు బారులు తీరి చూశారు. ఇప్పుడు పూర్తిగా మా ఊరిదానివయ్యావు అన్నారు.

ఇరవై రెండో రోజు

ఉప్పుతిప్పలో కాగు చూసే చిన్నంతల్లి వేలిముద్ర వేస్తానంది. తన మాట వినే ఇంకో ఐదు కాగులచేత కూడా వేయిస్తానంది. అయితే ముందు నూకరత్నం క్షమాపణ చెప్పాలి. పద్దెనిమిదేళ్ల కిందట నూకరత్నం పెద్ద కూతురి పెళ్లిలో ఉప్పుతిప్పవాళ్లను ఆఖరి బంతిలో కూర్చోబెట్టారట. అప్పటికి రొయ్యల కూర అయిపోయి, పులుసూ అన్నమే వడ్డించారట.

"ఆళ్లు ఆలస్యంగా ఒస్తే నా తప్పాండి?" అని నూకరత్నం నా మీద లేచింది. "పడవ చెడిందన్నారు. నాకు తెల్దా ఆ పడవ సంగతి?"

ఆవిడ ఏసుపాదం ఇంటి వైపు చూసింది. ఆయన నిన్నటి నుంచి లేవలేదు. కాగు ఆయన నాడి పట్టుకుని, మధ్యమధ్య దెబ్బ తప్పుతోందని చెప్పింది. గొలుసులు తడమడానికి పొద్దున ఎవరూ వెళ్లకపోతే నూకరత్నమే వెళ్లి వచ్చింది.

రేడియో తీసింది. తీరమంతా వినే దారిలోనే మాట్లాడింది.

"చిన్నంతల్లీ, నేను నూకరత్నాన్ని. ఆ రోజు మీకు కూర లేకుండా పెట్టడం నాదే తప్పు. మూడో బంతికే గిన్నె అడుగంటింది, చూసి కూడా ఇంకోటి వండించలేదు. పద్దెనిమిదేళ్లు ఆ మాట ఒప్పుకోలేదు. అది ఇంకో తప్పు."

అవతల నుంచి చిన్నంతల్లి గొంతు వచ్చింది. "పడవ చెడలేదే. మా ఆయన నిద్ర లేవలేదు, అదీ సంగతి." తీరం పొడవునా ఎన్ని రేడియోల్లోంచి నవ్వులు వినిపించాయో లెక్క లేదు.

ఆరు వేలిముద్రలు గంటలో వచ్చేశాయి. ముప్పై తొమ్మిది.

ఇరవై నాలుగో రోజు

ఇవాళ పొద్దు వాలితే గడువు ముగుస్తుంది. తీరంలో ఇక అడగని కాగు లేదు. మిగిలినవి పెద్ద రేవులవి, వాళ్ల నంబర్లు వందలోపే, వాళ్లకు మాతో పని లేదు. నూకరత్నం గొంతు బొంగురు పోయింది. నా ఒళ్లు సలసల కాగుతోంది. ఒప్పందం ఇంకోసారి మొదటి నుంచి చదివాను. నలభై కాగులు అని ఉంది. తీరపు కాగులు అని ఎక్కడా లేదు.

మా అక్క మాబున్ని నంద్యాల అవతల రాళ్లకొట్టాలలో ఉంటుంది. నాకంటే పన్నెండేళ్లు పెద్దది. అక్కడి యంత్రం ఆమే చూస్తుంది. సముద్రం మూడు రోజుల ప్రయాణం. మేము మాట్లాడుకుని ఏడాది దాటింది, కారణం పెద్దదేమీ కాదు, నేను తీరిక లేదనేదాన్ని. ఇవాళ ఫోన్ చేశాను.

"ఏమ్మే, ఇన్నాళ్లకు గుర్తొచ్చినానా? గొంతు ఎందుకట్లుంది?"

"జ్వరమక్కా." సంగతంతా చెప్పాను.

"మాకు సముద్రమే లేదు కదమ్మే. ఆ జ్వరం ఈడికి రాదు."

"రాదు."

"ఏలిముద్ర ఏస్తే మాకేమొస్తాది?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేదు. "ఏమీ రాదక్కా. మండలోళ్లు మీ మీద కొంచెం గుర్రుగా ఉంటారు కూడా."

అక్క నవ్వింది. "ఆ మేకల జ్వరమొచ్చినేడు నేను ఎన్ని ఊర్లకు ఫోన్ చేసినానో నీకు తెల్దులే. అప్పుడు నువ్వు పరీక్షలు రాస్తాండావు. ఒగరన్నా ఎత్తలే. ఒగరన్నా ఎత్తింటే బాగుండు అనుకున్యా ఆ పొద్దు." యంత్రం మూత తీసిన చప్పుడు వినిపించింది. "యాడ పెట్టాల్నో చెప్పు, పెడ్తా. నువ్వు కషాయం తాగి పండుకో."

పొద్దు వాలడానికి ఇంకా రెండు గంటలుండగా తెర మీద నలభై అని వచ్చింది. నూకరత్నం ఆ అంకె చూసి, నెత్తురు నమూనాను నలభై కాగులకూ మండలికీ ఒకేసారి పంపింది.

ఇరవై ఏడో రోజు

పాకం వచ్చింది. మూడు రోజుల్లో చెయ్యగలిగిన పనేనని ఇప్పుడు అందరికీ తెలిసింది.

పది గంటలకు నలభై కాగులు ఒకేసారి వెలిగించారు. రేడియో అంతా బుడబుడలే. మందు పసుపురంగు, వాసన భరించరానిది. మొదటి గుక్క ఏసుపాదానికి పట్టారు. ఆయన మింగి, కళ్లు మూసుకుని, "తొమ్మిది నెలలు ఆగినా బాగుండేది," అన్నాడు. నూకరత్నం నవ్వబోయి ఏడ్చేసింది.

మధ్యాహ్నం లూసియానా నాకోసం తెర మీదకు వచ్చింది. నా అనుమతి పత్రం రద్దయిందని చదివి వినిపించింది. యంత్రం దాన్ని ఎంతో గంభీరంగా, సమాసాలతో చెప్పింది. చదవడం అయ్యాక ఆవిడ యంత్రాన్ని ఆపేసింది. తనంతట తాను, తడుముకుంటూ, ఒక్క మాట తెలుగులో పలికింది.

"సంతోషం."

ముప్పై ఒకటో రోజు

ఏసుపాదం గొలుసుల దగ్గరకు వెళ్లాడు, నిటారుగా నడిచి. ఊళ్లో ఎవరూ పోలేదు. నలభై ఊళ్లలోనూ పోయినవాళ్లు ఇద్దరు. ఆ ఇద్దరి పేర్లు నూకరత్నం కాగు మూత మీద రాయించింది. నన్నే రాయమంది.

ముప్పై ఎనిమిదో రోజు

పెద్ద తెప్ప మీద మళ్లీ కూర్చున్నారు. కాగుకు రెండో మనిషి కావాలని నూకరత్నం అడిగింది. ఒక్కదానికి సాగట్లేదట, వలకు కూడా వెళ్లాలట. చేతులు ఎత్తమన్నారు. నా పేరు చెప్పేదాకా అది నా సంగతని నాకు తెలియదు. అందరూ ఎత్తారు. ఏసుపాదం రెండు చేతులూ ఎత్తాడు, చెల్లదని నూకరత్నం కసిరినా దించలేదు.

అక్కకు ఫోన్ చేసి చెప్పాను. "యంత్రం కడిగేటప్పుడు అడుగున గుడ్డ పెట్టి తుడువు, పీచు పెట్టొద్దు," అంది.

నలభై రెండో రోజు

నూకరత్నం తెల్లవారగానే వలకు వెళ్లింది. ఊరంతా వెళ్లినట్టే ఉంది, ఆటుపోట్లు వలకు అనువుగా ఉన్నాయి. నేను కాగు కడిగి ఆరబెడుతుండగా తెర మోగింది.

మండలి కాదు. ఎక్కడో మంచుకొండల్లోని ఊరు, పేరు రెండుసార్లు చెప్పించుకున్నా నాకు పలకరాలేదు. తెర మీద ఒక పెద్దావిడ, ఉన్ని టోపీ, వెనక తలుపు దగ్గర ఒక గొర్రె. పిల్లలకు కొత్త దగ్గు పట్టుకుందట. నలభై కాగులు కూడితే వరుస ఉండదని ఎవరో చెప్పారట. పద్నాలుగు దొరికాయట. ఎవరిని అడగాలో తెలియక, ముందు చేసినవాళ్లనే అడుగుదామని చేసిందట. ఆ పాత పుస్తకాల తెలుగు యంత్రంలోంచి వస్తున్నా ఆవిడ మాట తడబడుతోంది. మాకేమీ ఇవ్వలేనని రెండుసార్లు చెప్పింది.

ఆ ఊరి నంబరు చూశాను. నాలుగు వేల నూట ఇరవై మూడు.

"ఎంతమంది పిల్లలండీ?" అని అడిగాను.

"తొమ్మండుగురు. ఒకతె నా మనుమరాలు."

నూకరత్నం వచ్చేదాకా ఆగనా అని ఒక్క నిమిషం అనుకున్నాను. కాగు ఇద్దరి చేతుల్లో ఉందని మొన్న ఊరు చెప్పింది. తడి చెయ్యి చీరకు తుడుచుకుని, బొటనవేలు పలక మీద ఆనించాను. పదిహేను అని పడింది.

పెద్దావిడ ఆ అంకె చూసి లేచి నిలబడింది.

"కూర్చోండి," అన్నాను, రేడియో దగ్గరకు లాక్కుంటూ. "మా వాళ్లు ముప్పై తొమ్మిది మంది ఉన్నారు. ఒక్కొక్కర్నీ పిలుస్తాను. ముందు వంటయిందా అని అడుగుతాను, ఏమనుకోకండి, కొంచెం ఆలస్యమవుతుంది."